మా బడికి బి గ్రేడు వచ్చిన రోజులు

కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరిన మన పిల్లలు ఈమధ్య మా ఇంటికొస్తే ముందు లాప్‌టాప్ తెరిచి గ్రాఫులు చూపిస్తారు. గీత పైకి పోతోంది చూడండి ఆంటీ అంటారు. చూస్తాను. టీ ఇస్తాను. తరవాత ఒకటే అడుగుతాను, ఆ గీతలో ఎవరున్నారు, ఎవరు లేరు అని. అక్కడితో వాళ్ళ టీ చల్లారిపోతుంది. ముసలావిడ మళ్ళీ మొదలెట్టిందనుకుంటారు కాబోలు. అనుకోనివ్వండి. రిటైరయ్యాక మనిషికి మిగిలే సుఖం ఒకటే, ఎవరేమనుకున్నా ఇంక్రిమెంటు ఆగదు.

నేను అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్‌కి కారులో అరగంట దూరాన ఉన్న ఒక చిన్న చార్టర్ స్కూల్లో లెక్కలు చెప్పాను. చార్టర్ స్కూలంటే ఫీజు ఉండదు. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది మాత్రం సొంత బోర్డు. పిల్లలు ఎక్కువై సీట్లు తక్కువైతే లాటరీ తీస్తారు. కొన్నేళ్ళకోసారి రాష్ట్రం వాళ్ళు వచ్చి లైసెన్సు పొడిగించాలా వద్దా అని చూస్తారు. ఏం చూస్తారంటే మార్కులు చూస్తారు. మీరు తెలుసుకోవలసిన సాంకేతికం దాదాపు ఇంతే. ఇంకొకటుంది, అవసరం వచ్చినప్పుడు చెప్తాను.

మా బడి ఒక పాత ఫర్నిచర్ షాపులో ఉండేది. ఒకప్పుడు సోఫాలు పేర్చిన హాల్లోనే మా పిల్లలు భోంచేసేవాళ్ళు. చుట్టుపక్కల కోళ్ళ ఫ్యాక్టరీల్లో పనిచేసే కుటుంబాల పిల్లల కోసం కొందరు చర్చివాళ్ళు పూనుకుని పెట్టిన బడి అది. ఎక్కువమంది స్పానిష్ మాట్లాడే ఇళ్ళవాళ్ళు. కొద్దిమంది పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవుల నుంచి వచ్చినవాళ్ళు. నేను చేరిన కొత్తలో తెలుగు మాట మా ఇంట్లో తప్ప వినపడేది కాదు. పిల్లలకి ఇచ్చినట్టే రాష్ట్రం ప్రతి బడికీ ఏటా ఒక గ్రేడు ఇస్తుంది. మాకు డి వచ్చేది. మేం దానికి అలవాటుపడిపోయాం.

బెంటన్‌విల్‌లో పెద్ద రిటైల్ కంపెనీ హెడ్డాఫీసు ఉంది. అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసే మనవాళ్ళు అద్దెలు తక్కువని మావైపు అపార్ట్‌మెంట్లలోకి రావడం మొదలుపెట్టారు. ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం జరుగుతుంటే, పక్కన కూర్చున్న అమ్మాయి ప్రసాదం తింటూ, "మీ స్కూల్ ఎలా ఉంటుంది మేడమ్?" అని అడిగింది. క్లాసుకి పిల్లలు తక్కువ, టీచర్లు మంచివాళ్ళు అని చెప్పాను. అబద్ధమేమీ చెప్పలేదు. ఆ మాట వాట్సాప్ గ్రూపులోకెక్కి, అక్కడ ఎన్ని రెక్కలు తొడుక్కుందో తెలియదు గానీ, తరవాతి లాటరీ రోజున మా ఆఫీసు గదిలో నిలబడడానికి చోటు లేదు. ఒక పిల్లకి సీటు దొరికితే తమ్ముడికి, చెల్లెలికి లాటరీ అక్కర్లేదు. మనవాళ్ళు ఈ నియమాన్ని మా ఆఫీసు క్లర్కు కంటే బాగా చదివారు.

మూడు నాలుగేళ్ళలో బడి మొహం మారిపోయింది. లంచ్ డబ్బాల్లో పెరుగన్నం, పులిహోర కనిపించసాగాయి. మూడోవంతు పిల్లలు మనవాళ్ళే. కారిడార్లో "ఆంటీ" అని పిలిచి, నాలిక్కరుచుకుని "టీచర్" అని దిద్దుకునేవాళ్ళు. డి పోయి సి వచ్చింది. సి పోయి బి వచ్చింది. బి వచ్చిన వారం ప్రిన్సిపాల్ బయట గోడకి పెద్ద బ్యానరు కట్టించి, దాని కింద మమ్మల్నందర్నీ నిలబెట్టి ఫోటో తీయించాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఒకప్పుడు ఫుట్‌బాల్ కోచ్. దేన్ని చూసినా గెలిచామా ఓడామా అన్నంత వరకే చూసే మనిషి.

మనవాళ్ళ ఇళ్ళకి నేను వెళ్తుండేదాన్ని కాబట్టి ఆయనకు తెలియంది నాకు తెలిసింది. నా క్లాసులో ఒక కుర్రాడి బర్త్‌డేకి వెళ్ళాను. కేకు పెట్టడానికి చోటు కావాలని వాళ్ళమ్మ డైనింగ్ టేబుల్ మీంచి వర్క్‌బుక్కులు తీసి నేలమీద పెడుతోంది. ఎంత తీసినా ఇంకా ఉన్నాయి. చివరికి ఆ దొంతర నా మోకాలిదాకా వచ్చింది.

"ఇవన్నీ ఎవరివమ్మా?" అన్నాను.

"వీడివే మేడమ్. సాటర్‌డే మ్యాథ్ క్లాస్‌కి పంపిస్తాం, సండే రీడింగ్ క్లాస్‌కి. వీక్‌డేస్ డిన్నర్ అయ్యాక వాళ్ళ నాన్న కూర్చోబెడతారు. స్కూల్లో మరీ స్లోగా చెప్తారు కదండీ." అప్పుడు నేనెవరో గుర్తొచ్చి, "మీ క్లాస్ కాదు మేడమ్, మిగతావి" అంది.

నేను నవ్వేశాను. ఆ అమ్మాయి మాటలో తప్పులేదు. మన ఇళ్ళలో ఇది వింతా కాదు. కాని ఆ కేకు తింటూ నాకు ఒక సంగతి తలకెక్కింది. మా బి గ్రేడులో పెద్ద వాటా ఇలాంటి డైనింగ్ టేబుళ్ళ మీద తయారవుతోంది. బడివాళ్ళం మాత్రం అదంతా మా ప్రతాపమేనని నమ్మేసి బ్యానర్లు కట్టుకుంటున్నాం.

మా బడిలో చివర, కిటికీ లేని ఒక గది ఉండేది. షాపు రోజుల్లో పరుపులు దాచుకున్న గది. చదవడం రాని పిల్లలకి అందులో ఒకావిడ చదవడం నేర్పేది. ఆర్కన్సాలోనే పుట్టి పెరిగిన మనిషి, నాకంటే కొంచెం పెద్ద, గరుకు గొంతు, మోకాళ్ళ నొప్పులు. పిల్లలు ఒక్కొక్కరికి చేతిలో ఇమిడే చిన్న అద్దం ఇచ్చేది. శబ్దం పలికేటప్పుడు పెదవులెక్కడున్నాయో, నాలుకెక్కడుందో అద్దంలో చూసుకోమనేది. ఆ గది ముందునుంచి వెళ్తే పిల్లలంతా అద్దాల్లోకి చూసుకుంటూ నోళ్ళు సాగదీస్తూ కనిపించేవాళ్ళు. కొత్తవాళ్ళకి నవ్వొచ్చేది. ఆవిడ మాత్రం నవ్వేది కాదు.

ఆ గదికి వెళ్ళే పిల్లల్లో ఒకమ్మాయి నా లెక్కల క్లాసులో కూడా ఉండేది. ఐదో తరగతి. మార్షల్ దీవుల కుటుంబం, ఒకటో తరగతి నుంచీ మా బడే. తల్లి కోళ్ళ ఫ్యాక్టరీలో పని. నోటిలెక్కలు చురుగ్గా చేసేది. కాగితం మీద ప్రశ్న ఇస్తే మాత్రం పక్కపిల్ల చదివేదాకా ఆగేది. పుస్తకం చేతికిస్తే చదివేది కూడా. చదివినట్టే ఉండేది. మిగతా పిల్లలు చదువుతుండగా విని గుర్తుపెట్టుకుని, తన వంతు రాగానే బొమ్మలు చూస్తూ, ఆగవలసిన చోట ఆగుతూ, పేజీలు తిప్పుతూ అప్పజెప్పేసేది. అన్ని తరగతులూ అలాగే దాటుకొచ్చింది. ఒకరోజు ఆ గది టీచరు బొమ్మల మీద అరచెయ్యి అడ్డం పెట్టి చదవమంది. పిల్ల నోట్లోంచి మాట రాలేదు.

"ఈ పిల్ల తెలివైంది," అంది ఆవిడ నాతో, ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో. "తెలివి తక్కువదైతే రెండో తరగతిలోనే దొరికిపోయేది. నాకు ఇంకో రెండేళ్ళు ఇస్తే చదివిస్తాను. కాని రోజూ కావాలి. మధ్యలో ఆపితే ఉన్నది కూడా పోతుంది."

వసంతంలో ఒకరోజు నా క్లాసులో ఆ పిల్ల చెయ్యెత్తింది. బోర్డు మీద రెండు లైన్ల లెక్క రాసి ఉంది. తనే చదువుతానంది. ఒక్కో మాట పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుని చదువుతుంటే క్లాసంతా కదలకుండా కూర్చుంది. పిల్లలు క్రూరులంటారు గానీ ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు. చివరిదాకా చదివి, జవాబు కూడా తనే చెప్పింది. నేను బోర్డు తుడిచే నెపంతో అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. నా ఉద్యోగంలో అంత సంతోషం కలిగిన రోజు ఇంకోటి గుర్తులేదు.

ఇందాక దాటవేసిన సాంకేతికం ఇప్పుడు చెప్పాలి. మార్కుల రిపోర్టులో పిల్లల్ని జాతిని బట్టి, ఇంటి భాషను బట్టి, ఆదాయాన్ని బట్టి వరసలుగా విడదీస్తారు. ఏ వరసలోనైనా పిల్లలు మరీ తక్కువుంటే, అది ఫలానా పిల్ల మార్కని ఎవరైనా పోల్చేస్తారని అక్కడ అంకె వెయ్యరు. నక్షత్రం గుర్తు పెడతారు. మంచి ఉద్దేశంతో పెట్టిన నియమమే. మాది చిన్న బడి కాబట్టి మార్షల్ దీవుల పిల్లల వరసంతా నక్షత్రాలే. స్పానిష్ ఇళ్ళ పిల్లల వరసలో అంకెలుండేవి. ఏటా అవి కొంచెం కొంచెంగా దిగుతుండేవి. కాని పైన సగటు ఎక్కుతుంటే కింది వరస దాకా ఎవరి కన్నూ పోదు.

ఆ రిపోర్టులన్నీ చార్టులుగా మార్చి చూపించేది మా బోర్డులోని ఒక తెలుగు తండ్రి. ఆఫీసులో ఆయన పనే అది. బడి కోసం శనివారాలు వచ్చి పాత కంప్యూటర్లు బాగుచేసేవాడు, పైసా తీసుకునేవాడు కాదు. ఆయన్ని తిట్టుకోవాలని నేను చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

ఆ ఏడు ఒక టీచరు పోస్టు తగ్గించాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే మనవాళ్ళు ఏడో తరగతిలో ఆల్జీబ్రా పెట్టాలని పట్టుబట్టారు. పెట్టకపోతే పిల్లల్ని వేరే బడికి మార్చుకుంటామన్నారు. ప్రిన్సిపాల్ రెండూ కలిపి ఒకే ముడి వేశాడు. కిటికీ లేని గది మూసేసి ఆ పోస్టు తీసెయ్యాలి, లెక్కల పోస్టుల జోలికి పోకుండా ఆల్జీబ్రా క్లాసు నడపాలి. బోర్డు మీటింగులో ఓటు పెడతారు. ఆ గది ఉంటే ఆ పిల్లకి చదువొస్తుంది, లేకపోతే రాదు. నాకు అంతకంటే వేరే లెక్క కనిపించలేదు.

మీటింగు సాయంత్రం భోజనాల హాల్లో. కుర్చీలన్నీ మనవాళ్ళతో నిండిపోయాయి. చార్టుల తండ్రి తెర మీద గీత చూపించి, "రీడింగ్‌లో మన సగటు ఇప్పుడు రాష్ట్రం సగటు కంటే పైన ఉంది. కాబట్టి ఆ పోస్టు అవసరం తీరిపోయినట్టే" అన్నాడు.

నేను లేచాను. నాకు ఉపన్యాసాలు రావు. కోపం మాత్రం బాగా వస్తుంది. "ఈ మార్కులు మనం తెచ్చినవి కావు," అన్నాను. "మా తెలుగు పిల్లలకి చదవడం ఈ బడి నేర్పలేదు. వాళ్ళ అమ్మానాన్నలు రాత్రిళ్ళు కూర్చోబెట్టి నేర్పుతున్నారు. మనం నేర్పవలసిన పిల్లలు ఆ చార్టులో నక్షత్రాల వెనకాల ఉన్నారు. వాళ్ళకింకా చదవడం రాదు."

బోర్డు అధ్యక్షుడు పెద్దాయన, రిటైరైన పాస్టరు. కళ్ళజోడు సర్దుకుని, "ఆ నక్షత్రాల్లో ఎంతమంది ఉన్నారు?" అని అడిగాడు.

"అది పైకి చెప్పకూడదండీ, ప్రైవసీ," అన్నాడు ప్రిన్సిపాల్.

వెనకాల ఎవరో నవ్వారు. పాస్టరు తల ఊపి కాగితం తిప్పేశాడు. రోజూ మా కళ్ళముందు తిరిగే పిల్లల్ని లెక్కబెట్టి చెప్పడానికి రూలు ఒప్పుకోలేదు.

కిటికీ లేని గది టీచరు చివరి వరసలో కూర్చుంది. ఏమైనా చెప్తారా అని అడిగారు. ఆవిడ లేవకుండానే, "నేను మాట్లాడితే నా జీతం కోసం మాట్లాడినట్టుంటుంది. ఆ పిల్లల తల్లుల్ని అడగండి" అంది. ఆ తల్లులు ఒక్కరూ లేరు. మీటింగు పెట్టిన వేళకే కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు మొదలవుతుంది. మీటింగు వేళ నిర్ణయించినప్పుడు ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. బోర్డు సభ్యులు ఓటుకి చేతులెత్తారు. గది మూతపడింది.

పార్కింగ్‌లో నా కారు దగ్గర ఒక తల్లి కాచుకుని ఉంది. కరీంనగర్ వైపు అమ్మాయి. నా చేతి వంట తిన్న పిల్లే.

"మేడమ్, మీరు మనోళ్ళే గదా. అందరి ముందట మా పిల్లల మార్కులు స్కూల్‌వి కావంటరా? మేం కష్టపడుడు తప్పయిందా?"

"తప్పని నేననలేదమ్మా. మీ కష్టం మీదే అన్నాను. దాన్ని బడి తన ఖాతాలో వేసుకుంటోందన్నాను."

"మరి ఆల్జీబ్రా వద్దన్నట్టే గదా."

"ఒక ఏడాది ఆగితే మీవాడు ఇంట్లో నేర్చుకుంటాడు. ఆ పిల్లకి ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు."

ఆ అమ్మాయి మొహం ముడుచుకుని వెళ్ళిపోయింది. అంతవరకూ పక్కన నిలబడి ఉన్న చార్టుల తండ్రి నెమ్మదిగా అన్నాడు. "మేడమ్, నాకూ ఆ పిల్లలంటే బాధేనండీ. కానీ మన ఫ్యామిలీస్ వెళ్ళిపోతే స్కోర్ డ్రాప్ అవుతుంది. లైసెన్స్ రెన్యూ చెయ్యరు. స్కూలే లేకపోతే ఆ పిల్లలు మాత్రం ఎక్కడికెళ్తారు? నేను స్కూల్‌ని సేవ్ చేస్తున్నాను మేడమ్."

దానికి జవాబు కోసం ఇంటికి డ్రైవ్ చేస్తూ దారిపొడవునా వెతికాను. ఇప్పటికీ దొరకలేదు. ఆయన లెక్క తప్పు కాదు. ఆ లెక్కలో ఆ పిల్ల లేదు, అంతే.

గది టీచరు వేసవిలో మిస్సోరీలో అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. అట్టపెట్టెలు కారులో సర్దడానికి నేను సాయం వెళ్ళాను. వీడ్కోలు మాటలు ఆవిడకి చేతకావు. "ఆ పిల్లని వదలకు," అని తలుపేసుకుని కారు స్టార్ట్ చేసింది.

ఆల్జీబ్రా ఎవరు చెప్పారనుకున్నారు? నేనే. ఇంకెవరున్నారు? మొదటిరోజు క్లాసులోకెళ్ళి ఎక్స్‌తో ఒక లెక్క బోర్డు మీద రాయగానే సగంమంది దాని విలువ చెప్పేశారు. వాళ్ళకి అప్పటికే శనివారం క్లాసుల్లో అయిపోయింది. వచ్చిన పాఠాన్నే మళ్ళీ వినడానికి బుద్ధిగా కూర్చున్న పిల్లల్ని చూస్తుంటే నాకు వాళ్ళ మీద కోపం రాలేదు, జాలేసింది. ఆరో తరగతికొచ్చిన ఆ పిల్ల పక్క గదిలో కూర్చుని పుస్తకంలో పేజీలు తిప్పుతుండేది.

లంచ్ వేళల్లో దాన్ని నా దగ్గర కూర్చోబెట్టుకున్నాను. నేను లెక్కల టీచర్ని. చదవడం ఎలా నేర్పుతారో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా మా రెండో తరగతి పంతులుగారు నాకు నేర్పిన పద్ధతి. గుణింతాలు. హల్లు పక్కన అచ్చు పెట్టి, వరసగా పాడించడం. ఇంగ్లీషు అక్షరాలకి అలాగే గుణింతం కట్టి ఆ పిల్లచేత వల్లె వేయించాను. రాగం బాగానే కుదిరింది. ఆ పిల్ల గొంతు మంచిది. కాని పుస్తకం తెరిస్తే ప్రతి రెండో మాటా ఆ గుణింతాన్ని ఒప్పుకునేది కాదు. ఇక్కడ ఇలా ఎందుకు పలకాలి టీచర్ అని అడిగేది. నాకు తెలిస్తే గదా చెప్పడానికి. కొన్నాళ్ళకి అది గుణింతాన్ని కూడా పాటలాగే కంఠస్థం చేసి, నన్ను సంతోషపెట్టడానికి పాడుతోందని అర్థమైంది. క్రితం ఏడు బోర్డు మీద చదివిన మాటల్లో సగం అప్పటికే పోయాయి. మిస్సోరీకి ఫోన్ చేస్తే ఆవిడ ఓపిగ్గా ఏవేవో చెప్పేది. ఫోన్లో వంట నేర్చుకోవచ్చు గానీ ఇది నా వల్ల కాలేదు. కొన్ని వారాలకి ఆ పిల్ల లంచ్‌లో రావడం మానేసింది. నేను పిలిచాను. వస్తానని నవ్వి వెళ్ళిపోయేది.

ఆ తరవాతి చలికాలంలో, మనవాళ్ళు ఎక్కువమంది పనిచేసే ఒక పెద్ద కాంట్రాక్టు ముగిసిపోయింది. వీసా మీద ఉన్నవాళ్ళకి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి దొరికే గడువు రెండు నెలలే, మీకు తెలుసు. ఒకరు డల్లాస్, ఒకరు షార్లెట్, ఇంకొకరు ఏకంగా ఇండియా. వాట్సాప్ గ్రూపునిండా అమ్మకానికి మంచాలు, గ్రైండర్లు. క్రిస్మస్ సెలవులయ్యాక నా ఆల్జీబ్రా క్లాసులో వెనక వరసలు ఖాళీ. మార్చి వచ్చేసరికి క్లాసే ఎత్తేశారు. బర్త్‌డే కుర్రాడు నాకు చెప్పకుండానే వెళ్ళిపోయాడు. వాళ్ళ అమ్మానాన్నలకైనా చెప్పే తీరిక ఎక్కడిది పాపం.

చార్టుల తండ్రి ఆఖర్న వెళ్ళాడు. కంప్యూటర్ల పాస్‌వర్డులు అప్పగించడానికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు.

"ఇదొక్కటి ఫోర్‌కాస్ట్ చెయ్యలేకపోయాను మేడమ్," అన్నాడు.

"మీ చేతుల్లో ఏముందండీ," అన్నాను.

వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగాడు. "మీరు ఆ రోజు చెప్పారే, ఆ పాప. చదువుతోందాండీ?"

"లేదండీ."

ఆయన జేబులోంచి కారు తాళాలు తీసి, "సరే మేడమ్, ఉంటాను" అని వెళ్ళిపోయాడు. వాళ్ళు ఎక్కడ స్థిరపడ్డారో నాకు తెలియదు.

వసంతంలో పరీక్షలయ్యాయి. సగటు ఎంత కిందికి పోయిందంటే పాత డి కూడా మాకు దక్కలేదు. బడి ఏం మారలేదు, అవే గదులు, మేమే టీచర్లం. ప్రిన్సిపాల్ ఫలితాల కాగితం పట్టుకుని నా గదికొచ్చి, "మనం ఏం తప్పు చేశాం?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు. బోర్డు మీటింగులో చెప్పిందే మళ్ళీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఏడాది గడిచి, ఇంకో పరీక్ష కూడా పోయాక, రాష్ట్రం వాళ్ళు లైసెన్సు పొడిగించేది లేదన్నారు. అప్పటికి సెలవులిచ్చేశాం. బడి మూసేస్తున్నామని, మీ పిల్లని ఫలానా డిస్ట్రిక్ట్ స్కూల్లో, అంటే ఊరి మామూలు ప్రభుత్వ బడిలో, చేర్చండని జూన్‌లో ఇళ్ళకి ఉత్తరాలు పంపారు. ఇంగ్లీషులో, స్పానిష్‌లో. మార్షల్ దీవుల భాషలో పంపలేదు. ఆ కుటుంబాలు అనువాదం చేయించేటంత మంది లేరన్నారు.

ఆగస్టులో ఒక పొద్దున బెంచీలు, కుర్చీలు ఖాళీ చేయడానికి మేం కొందరం వెళ్ళాం. ఊళ్ళో మిగతా బళ్ళు తెరిచింది ఆ రోజే. ఎవరో తలుపు కొడుతున్నారు. వెళ్ళి చూస్తే అద్దం తలుపు అవతల ఆ పిల్ల, పక్కన వాళ్ళమ్మ. పిల్ల వీపున కొత్త బ్యాగు. తల్లి రాత్రి షిఫ్టు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, కాళ్ళకి రబ్బరు బూట్లు అలాగే ఉన్నాయి. చేతిలో మేం పంపిన ఉత్తరం.

"ఫస్ట్ డే స్కూల్," అంది తల్లి నవ్వుతూ, ఉత్తరం నాకు చూపించి. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు దాదాపు అంతే.

నేను పిల్ల మొహంలోకి చూశాను. అది తల వంచుకుంది. ఇంటికొచ్చే కాగితాలన్నీ తల్లికి చదివి చెప్పేది అదే. ఏటా వేసవిలో బడి నుంచి వచ్చే ఉత్తరంలో ఏముంటుందో దానికి తెలుసు. ఈ ఉత్తరాన్నీ చేతిలో పట్టుకుని చూసి అదే చెప్పింది. అందరి బళ్ళూ తెరిచే రోజునే మన బడీ తెరుస్తారు, కొత్త బ్యాగు కొనాలి అని.

ఇద్దర్నీ నా కారులో ఎక్కించుకుని డిస్ట్రిక్ట్ స్కూలుకి తీసుకెళ్ళాను. దారిలో బడి మూసేశారని పిల్లకి చెప్పాను. అది తల్లికి చెప్పింది. తల్లి ఫరవాలేదన్నట్టు తల ఊపింది. ఆఫీసులో మొదటిరోజు రద్దీ. వాళ్ళ భాష వచ్చిన ఉద్యోగి వేరే బడిలో ఉందట, మధ్యాహ్నానికి గానీ రాదట. కౌంటర్ దగ్గరున్నావిడ కంప్యూటర్లో పిల్ల రికార్డు తీసింది. అన్ని తరగతులూ పాసైంది.

"ఓ, ఆ బడి నుంచా? దానికి బి గ్రేడు వచ్చింది కదా ఒకప్పుడు. మంచి బడి. రెగ్యులర్ ఎనిమిదో తరగతిలో వేసేస్తాను," అని, ఒక కాగితం పిల్ల ముందుకి తోసింది. "ఇది చదివి కింద సంతకం చెయ్యి హనీ."

పిల్ల పెన్ను తీసుకుంది. కాగితాన్ని పైనుంచి కిందికి, చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ చూసింది. సంతకం పెట్టింది.

"ఈ పిల్లకి చదవడం రాదు," అన్నాను.

కౌంటర్ ఆవిడ తలెత్తింది. "ఏమన్నారు?"

"దీనికి చదవడం రాదు. చదవడం నేర్పే టీచరు కావాలి. ఇవాళే రాసుకోండి." నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది నా గొంతు. వెనకాల క్యూలోవాళ్ళు తలలు తిప్పి చూశారు.

తల్లి కూతుర్ని వాళ్ళ భాషలో ఏదో అడిగింది. టీచర్ ఏమంటోందని అడిగి ఉంటుంది. ఆ పిల్ల అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. కాగితాల విషయంలో ఇన్నేళ్ళూ చేసింది అదే. ఆ అబద్ధమే చెప్పేస్తే బావుండునని ఒక్క క్షణం నాకూ అనిపించింది. అది నేల చూస్తూ చిన్న గొంతుతో ఏదో చెప్పింది. తల్లి మొహం చూస్తే తెలిసింది, ఉన్నదున్నట్టు చెప్పిందని.

తల్లి ఏడుస్తుందేమో అనుకున్నాను, తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఆవిడ నావైపు తిరిగి, నేనేదో పొరబడ్డానేమో, సరిదిద్దాలన్నట్టు, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది.

"ఎవ్రీ డే షీ గో స్కూల్. ఎవ్రీ డే."

అవునన్నాను. ఆ పిల్ల ఒక్కరోజు కూడా బడి మానలేదు.